పెద్ద అనుభవం లేకపోయినా పనికొచ్చే రెజ్యూమె రాసుకోవడం ఎలా

విజయవాడలోనో గుంటూరులోనో ఏదైనా నెట్ సెంటరుకి వెళ్లి రెజ్యూమె కావాలంటే పది నిమిషాల్లో చేతికొచ్చేస్తుంది. ఎవరిదో పాత ఫైలు తెరుస్తారు, పేరూ తండ్రి పేరూ మార్కులూ మారుస్తారు, ప్రింటు తీసిస్తారు. పైన కెరీర్ ఆబ్జెక్టివ్ అంటూ ఛాలెంజింగ్ ఎన్విరాన్‌మెంట్ మీద ఒక వాక్యం, అడుగున ఐ హియర్‌బై డిక్లేర్. బెంజ్ సర్కిల్ దగ్గర ఏ ఆఫీసులోనైనా హెచ్ఆర్ బల్ల మీద అదే కాగితం వేర్వేరు పేర్లతో దొంతరగా పడి ఉంటుంది. దాన్ని చూసి ఎవర్ని పిలవాలో వాళ్లకీ తెలియదు.

ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఫ్రెషర్ కాగితంలో వెతికేవి మూడే. ఈ మనిషి పని అందుకుంటాడా, రోజూ టైముకి వస్తాడా, ఇతని గురించి అడిగితే చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా. వీటికి జవాబు దొరికేలా రాయడమే ఇక్కడ మన పని. అనుభవం లేదనేవాళ్లలో చాలామంది ఎంతో కొంత పని చేసే ఉంటారు. జీతం స్లిప్పు చేతికి రాలేదు కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోరు, అంతే.

ముందు చిట్టా, తర్వాతే కంప్యూటరు

ఒక తెల్లకాగితం తీసుకుని గత నాలుగైదేళ్లలో మీరు చేసిన ప్రతి పనీ రాయండి. డబ్బు వచ్చిందా లేదా, చిన్నదా పెద్దదా అని ఇప్పుడు చూడొద్దు. గుర్తు రావడానికి కొన్ని దారులు:

- ఇంటి వ్యాపారం: కిరాణా కొట్టు, టిఫిన్ సెంటరు, మిర్చి కమీషన్ కొట్టు, టైలరింగ్, ఆటోనగర్‌లో బాబాయి వర్క్‌షాపు.
- సీజన్ పని: దసరా, సంక్రాంతికి బట్టల షాపులో సేల్స్, పెళ్లిళ్లలో క్యాటరింగ్, యార్డులో మిర్చి సీజను, పుస్తకాల షాపులో జూన్ నెల.
- చదువులో భాగం: కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు, ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్.
- ఊరికే చేసినవి: వీధిలో పిల్లలకు ట్యూషన్, అపార్ట్‌మెంటు మెయింటెనెన్స్ లెక్కలు, వినాయక చవితి కమిటీ జమాఖర్చులు.
- డెలివరీ, బైక్ ట్యాక్సీ పనులు. వీటిని దాచుకునేవాళ్లు ఎక్కువ. దాచనక్కర్లేదు.

ఒక్కో పని పక్కన ఐదు విషయాలు వేసుకోండి: ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎక్కడ, ఏ వస్తువులతో లేదా ఏ సాఫ్ట్‌వేరుతో, రోజుకి ఎంత పని, దాని గురించి అడిగితే ఎవరు చెప్తారు. చివరిది నింపలేకపోతే ఆ పని రెజ్యూమెలోకి వెళ్లినా బలం ఉండదు. ఈ చిట్టాకి గంట, గంటన్నర పడుతుంది. దీన్ని దాటేసి నేరుగా టెంప్లేట్ తెరిస్తే ఖాళీలు కనపడతాయి, వాటిని నింపడానికి గూగుల్‌లో దొరికిన వాక్యాలు వచ్చి కూర్చుంటాయి.

చిట్టాలోంచి వాక్యాలు తీయడం

రెజ్యూమె బాగుపడేదైనా చెడేదైనా ఇక్కడే. కాబట్టి కాస్త నిదానంగా చేయండి. ప్రతి పనికీ ఒకటి నుంచి మూడు లైన్లు. ఒక్కో లైనులో ఏం చేశారు, దేంతో చేశారు, ఎంత చేశారు అన్నవి ఉండాలి. ఫలితం ఏదైనా చెప్పగలిగితే అదీ చేర్చండి. కింద ఇచ్చిన నమూనాలు తెలుగులో ఉన్నాయి. కాగితం మీద ఇంగ్లిష్‌లో చిన్న చిన్న లైన్లుగా రాసుకోండి. లైనుకి ముందు ఐ అని పెట్టొద్దు, నేరుగా క్రియతో మొదలుపెట్టండి.

మిర్చి యార్డు నుంచి మొదలుపెడదాం. మామూలుగా రాసేది: "మావయ్యగారి కమీషన్ కొట్లో హెల్ప్ చేశాను." చదివినవాళ్లకు టీ గ్లాసులు అందించినట్టు అనిపిస్తుంది. నిజంగా చేసింది రాస్తే ఇలా ఉంటుంది:

"గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లో లెక్కల సహాయకుడు, 2023, 2024 సీజన్లు, ఫిబ్రవరి నుంచి మే. రోజుకి 30 నుంచి 40 మంది రైతుల కాటా వివరాలు రిజిస్టరులోనూ ఎక్సెల్‌లోనూ ఎక్కించడం. రైతుకిచ్చే పట్టీలో కమీషను, హమాలీ తగ్గింపులు లెక్కకట్టడం. సాయంత్రం నగదు పుస్తకం గుమస్తాతో కలిసి సరిచూడటం."

ఇది ఏ అకౌంట్స్ ఆఫీసులో చూసినా కుర్రాడు తొక్కిడిలో కూర్చుని అంకెలు తప్పకుండా రాయగలడనీ, డబ్బు దగ్గర నమ్మదగినవాడనీ అర్థమవుతుంది. మావయ్య అన్న మాట అక్కర్లేదు. అడిగితే మాత్రం దాచకుండా చెప్పండి.

ఆ 30, 40 అంకె ఎక్కడిది? పాత రిజిస్టరులో ఏవైనా మూడు రోజులు తీసి, లెక్కపెట్టి, సగటు వేయండి. షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేరు ఉంటే రోజు బిల్లుల సంఖ్య అందులోనే కనిపిస్తుంది. ఆధారం లేకపోతే అంకె వేయకండి, పని వివరం ఒక్కటీ చాలు. "అమ్మకాలు 40 శాతం పెంచాను" లాంటి లైను ఫ్రెషర్ కాగితంలో కనపడగానే చదివేవాళ్లకు మిగతాదంతా అనుమానమే.

రెండోది, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. ఏపీ డిగ్రీ విద్యార్థుల దగ్గర ఊరికే పడి ఉన్న ముడిసరుకు ఇది. 180 గంటల పని, లాగ్‌బుక్కు, సర్వే, నివేదిక అన్నీ ఉంటాయి. అయినా రెజ్యూమెలో "సీఎస్‌పీ కంప్లీటెడ్" అని ఒక్క ముక్క వేసి వదిలేస్తారు. లాగ్‌బుక్కు తెరిచి చూస్తే ఇలాంటిది బయటికొస్తుంది: "వార్డులోని 60 ఇళ్లలో తాగునీటి వాడకంపై ఇంటింటి సర్వే. నలుగురి బృందంలో ప్రశ్నావళి తయారీ, సమాధానాలు గూగుల్ షీట్‌లో ఎక్కించడం నా భాగం. వార్డు సచివాలయానికి 14 పేజీల నివేదిక." ఫీల్డు పని ఉన్న ఏ ఉద్యోగానికైనా, అంటే మైక్రోఫైనాన్స్, బీమా, మార్కెట్ సర్వే, ఆరోగ్య పథకాల కౌంటర్లు, ఇది సూటిగా పనికొస్తుంది. కొత్తవాళ్ల ఇంటి తలుపు తట్టి మాట్లాడటం అందరికీ వచ్చే పని కాదు మరి. అయితే సర్వే చేయకుండా లాగ్‌బుక్కు నింపేసినవాళ్లు మాత్రం ఈ లైను రాయొద్దు. "ఎక్కువమంది చెప్పిన సమస్య ఏంటి?" అని ఒక్క ప్రశ్న అడిగితే దొరికిపోతారు.

2019 నుంచి 2024 వరకు గ్రామ, వార్డు వాలంటీరుగా చేసినవాళ్లదీ ఇదే తీరు. అది ఉద్యోగం కాదు, గౌరవ వేతనమే కదా అని వదిలేస్తున్నారు. దాదాపు 50 ఇళ్ల బాధ్యత, నెల మొదట్లో వేలిముద్ర తీసుకుని పింఛను నగదు అందించడం, మొబైల్ యాప్‌లో ఈకేవైసీ, దరఖాస్తుల వివరాలు సేకరించడం... వీటిలో మీరు చేసినవి తేదీలతో రాయండి. పథకాల ప్రచారపు పేర్లు, నాయకుల పేర్లు వద్దు, పని చాలు.

షాపు పనికీ సూత్రం ఇదే. "గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్" అని స్కిల్స్ కింద పెట్టేకంటే "బీసెంట్ రోడ్డులో చీరల షాపులో రెండు దసరా సీజన్లు కౌంటర్ సేల్స్, బిల్లింగ్, యూపీఐ, కార్డు చెల్లింపులు, రాత్రి స్టాకు లెక్క" అన్నది నయం. మాట్లాడగలరని వేరే చెప్పక్కర్లేదు.

క్రియల దగ్గర ఒక జాగ్రత్త. అంతటా అసిస్టెడ్, హెల్ప్‌డ్ అని రాస్తే పనంతా వేరేవాళ్లు చేసినట్టుంటుంది. అలాగని మేనేజ్డ్, లెడ్ అని వేస్తే "మీ కింద ఎంతమంది ఉండేవారు?" అన్న ప్రశ్న ఖాయం. రికార్డెడ్, బిల్‌డ్ (బిల్లు వేశాను), కౌంటెడ్, ప్రిపేర్డ్, డెలివర్డ్, చెక్డ్ లాంటి మామూలు మాటలు వాడండి.

ఏది పైన, ఏది కింద

ఒక్క పేజీ. ఫ్రెషర్‌కి రెండో పేజీ అవసరం రాదు. వరస ఇది: పేరు, ఫోను, ఈమెయిలు, ప్రాంతం. రెండు మూడు లైన్ల పరిచయం. పని అనుభవం, ప్రాజెక్టులు. నైపుణ్యాలు. చదువు. భాషలు, లైసెన్సు. అడుగున మీ గురించి చెప్పగలిగే ఇద్దరి పేర్లు. బీటెక్ ఇప్పుడే పూర్తయి, మార్కులు బాగుండి, ఐటీ కంపెనీకి పంపుతుంటే చదువుని పని కంటే పైకి తేవచ్చు. మిగతా అందరికీ పనే ముందు.

ఆబ్జెక్టివ్ పూర్తిగా తీసేసి, దాని చోట పరిచయం పెట్టండి. మీరెవరు, ఏం చేసి ఉన్నారు, ఏ పని కోసం, ఎప్పటి నుంచి రాగలరు. ఉదాహరణకి: "బీకాం కంప్యూటర్స్, 2024. రెండు సీజన్లు కమీషన్ కొట్లో లెక్కలు రాసిన అనుభవం, ట్యాలీలో వోచర్ ఎంట్రీ, జీఎస్టీ బిల్లులు తెలుసు. అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం కోసం. వెంటనే చేరగలను."

ప్రాంతం విషయంలో మన దగ్గర ఒక చిక్కుంది. తెనాలి, మంగళగిరి, నూజివీడు చిరునామా చూడగానే విజయవాడ ఆఫీసువాళ్లు "రోజూ వస్తాడా?" అని పక్కన పెడతారు. ఇంటి నంబరు, వీధి అక్కర్లేదు, ఊరు, పిన్‌కోడు చాలు. దాని పక్కనే "రోజూ రైలులో వచ్చి వెళ్లగలను" అనో "విజయవాడలో ఉంటాను" అనో ఒక ముక్క వేయండి. గుంటూరు, విజయవాడ రెండు చోట్లా పనికి సిద్ధమైతే అదీ రాయండి. రాత్రి షిఫ్టుకి సరేనంటే ఆస్పత్రులు, కాల్ సెంటర్లు, హోటళ్లకు పంపే కాపీలో తప్పకుండా ఉండాలి. టూవీలర్, లైసెన్సు ఉన్నాయన్న లైను మెడికల్ రెప్, కలెక్షన్, సేల్స్ ఉద్యోగాల్లో డిగ్రీతో సమానంగా చూస్తారు.

నైపుణ్యాలు: కుర్చీలో కూర్చోబెడితే చేయగలిగినవే

ఎంఎస్ ఆఫీస్ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఎక్సెల్‌లో ఫిల్టర్, వీలుకప్, పివట్ టేబుల్ వచ్చా? ట్యాలీలో కొనుగోలు, అమ్మకం వోచర్లు వేయగలరా, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడగలరా? తెలుగు టైపింగ్ వస్తే ఏ పద్ధతిలో? అనూ ఫాంట్లలోనా, యూనికోడ్‌లోనా అన్నది డీటీపీ షాపుకీ న్యూస్ వెబ్‌సైటుకీ ముఖ్యం. టైపింగ్ లోయర్, హయ్యర్ పాసై ఉంటే సంవత్సరంతో రాయండి. నక్షత్రాలు, పట్టీల బొమ్మలతో "ఎక్సెల్ 80 శాతం" అని చూపించే డిజైన్లు వదిలేయండి. ఆ 80 దేనిలో 80 అని ఎవరికీ తెలియదు.

చిన్న ఆఫీసుల్లో ఇంటర్వ్యూ అంటే చాలాసార్లు మానిటరు మీ వైపు తిప్పి ఒక బిల్లు వేయమనడమే. కాబట్టి రాసిన ప్రతి నైపుణ్యాన్ని ముందురోజు ఒకసారి చేసి చూసుకోండి. రానిది ఉంటే తీసేయడమో, రెండు వారాలు కూర్చుని నేర్చుకోవడమో చేయాలి. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్‌లో కొన్ని పాఠాలు తెలుగు ఆడియోతో ఉచితంగా ఉన్నాయి. స్వయం, ఎన్‌పీటెల్ కోర్సులు చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. మూడు గంటల వెబినార్ల సర్టిఫికెట్లు డజను పేర్చేకంటే ఇలాంటిది ఒక్కటి మేలు.

భాషల దగ్గర కూడా పేర్లతో ఆపొద్దు. మాట్లాడటమా, చదవడమా, రాయడమా చెప్పండి. హిందీ ధారాళంగా మాట్లాడగలిగితే మిర్చి, పత్తి ఎగుమతి ఆఫీసుల్లో విలువుంటుంది, బయటి రాష్ట్రాల కొనుగోలుదార్లతో ఫోనులో మాట్లాడాలి కదా. ఉర్దూ వస్తే ఆస్పత్రి రిసెప్షన్‌లో అక్కరకొస్తుంది.

మార్కులు, బ్యాక్‌లాగులు, ఖాళీ సంవత్సరాలు

మెమో మీద ఎలా ఉంటే అలాగే రాయండి. సీజీపీఏ ఉంటే సీజీపీఏ. దాన్ని 9.5తో గుణించి శాతం చేయడం పాత సీబీఎస్‌ఈ పదో తరగతి లెక్క. యూనివర్సిటీలకు వేరే ఫార్ములాలు ఉంటాయి, జేఎన్‌టీయూలో రెగ్యులేషన్ మారితే ఫార్ములా కూడా మారుతుంది. తప్పు శాతం వేస్తే సర్టిఫికెట్ల పరిశీలనలో అది అబద్ధం కిందికి వస్తుంది. మార్కులు తక్కువుంటే ప్రైవేటు ఉద్యోగానికి డిగ్రీ, కాలేజీ, సంవత్సరం రాసి ఊరుకోవచ్చు, అడిగినప్పుడు చెప్పండి. బ్యాక్‌లాగు మిగిలుంటే పూర్తయినట్టు రాయకండి. "ఫైనల్ సెమిస్టర్ ఫలితాలు రావాలి" లేదా "ఒక సబ్జెక్టు మిగిలి ఉంది" అన్నదాన్ని చాలా షాపులు, ఆస్పత్రులు పట్టించుకోవు. ఐటీ కంపెనీలు పట్టించుకుంటాయి.

గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు పరీక్షల కోచింగులో రెండు మూడేళ్లు పోవడం మన దగ్గర ఇంటింటి సంగతే. దాన్ని ఖాళీగా వదిలితే చదివేవాళ్లు ఏదేదో ఊహించుకుంటారు. "2022 జూన్ – 2024 మే: బ్యాంకు పరీక్షల ప్రిపరేషన్" అని ఒక్క లైను. ప్రిలిమ్స్ దాటి ఉంటే ఏ పరీక్షో, ఏ ఏడాదో చేర్చండి. వాళ్ల అసలు భయం వేరు: నోటిఫికేషన్ రాగానే మానేస్తాడని. ప్రిపరేషన్ ఆపేసి ఉంటే ఆ మాట పరిచయంలోనే రాయండి. ఆపకపోతే, అడిగినప్పుడు అబద్ధం మాత్రం చెప్పొద్దు.

అనుభవం సర్టిఫికెట్లు కొనిపిస్తామనేవాళ్లు తారసపడతారు. పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబరులో ఎక్కడ ఏ తేదీ నుంచి పనిచేశారో సర్వీసు చరిత్ర కనిపిస్తుంది, పెద్ద కంపెనీలు దాన్ని అడుగుతాయి. కొన్న రెండేళ్ల అనుభవానికి అందులో ఒక్క నెల కూడా ఉండదు. చేరిన ఆర్నెల్లకు దొరికినా ఉద్యోగం పోతుంది.

తీసేయాల్సినవి

ఆధార్ నంబరు, పాన్ నంబరు ముందుగా. ఆ కాగితం ఎవరి వాట్సాప్‌లో తిరుగుతుందో మీకు తెలియదు. కులం, మతం, పెళ్లి, తండ్రి వృత్తి, ఎత్తు, బరువు, హాబీల కింద లిసనింగ్ టు మ్యూజిక్, అడుగున డిక్లరేషన్ కూడా అక్కర్లేదు. ప్రభుత్వ దరఖాస్తులకు వాళ్ల ఫారమే వేరు, అక్కడ అడిగినవి నింపాలి, ఈ సలహా దానికి వర్తించదు. ఫొటో రిసెప్షన్, షోరూము ఉద్యోగాల్లో అడిగితేనే. ఇంటర్మీడియట్‌లో పెట్టుకున్న సరదా ఈమెయిలు మార్చి, పేరుతో కొత్తది తీసుకోండి.

పేజీ, పీడీఎఫ్

ఫోనులో గూగుల్ డాక్స్ చాలు. పేజీ సైజు ఏ4 అని చూసుకోండి, కొన్నిసార్లు లెటర్ సైజు ఉండి ప్రింటులో అంచులు జరుగుతాయి. అక్షరాలు 10.5 లేదా 11 పాయింట్లు, శీర్షికలు 13, పేరు 16. నాలుగు వైపులా రెండు సెంటీమీటర్ల మార్జిను. ఒకే ఫాంటు, నలుపు రంగు.

రెండు నిలువు వరసల టెంప్లేట్లు చూడ్డానికి బాగుంటాయి. జాబ్ పోర్టల్‌లో ఎక్కిస్తే సాఫ్ట్‌వేరు ఎడమ వరసనీ కుడి వరసనీ కలిపి చదివి, ఫోను నంబరు పక్కన కాలేజీ పేరు తగిలిస్తుంది. పరీక్ష తేలిక: పీడీఎఫ్ తెరిచి, మొత్తం కాపీ చేసి, నోట్స్ యాప్‌లో పేస్ట్ చేయండి. అక్షరాలు వరసగా వస్తే సరే. కలగాపులగంగా వచ్చినా, అసలు కాపీ కాకపోయినా ఆ డిజైను వద్దు.

ఫైలు పేరు "రెజ్యూమె ఫైనల్ 3" కాకుండా మీ పేరు, ఉద్యోగం ఉండాలి. సైజు ఒక ఎంబీ లోపు. వాట్సాప్‌లో వర్డ్ ఫైలు పంపితే అవతలి ఫోనులో చెదిరిపోతుంది, పీడీఎఫ్ మాత్రమే పంపండి. నెట్ సెంటరులో ప్రింటు తీయిస్తే వాళ్ల కంప్యూటరులో ఫైలు చెరిపించి, మీ ఈమెయిలు లాగౌట్ చేసి రండి.

మాట సాయం చేసేవాళ్లు, పంపే పద్ధతి

రెజ్యూమె అడుగున ఇద్దరి పేర్లు, హోదాలు, ఫోన్లు. బంధువులు కాకుండా, మీ పని చూసినవాళ్లు: షాపు యజమాని, ప్రాజెక్టు గైడు, ఎన్ఎస్ఎస్ అధికారి. ముందుగా ఫోను చేసి "సార్, ఎవరైనా అడిగితే నా గురించి చెప్తారా?" అని ఒప్పించుకుని, మీరు ఏం రాశారో వాళ్లకూ పంపండి. లేకపోతే ఫోను వచ్చినప్పుడు "ఏ అబ్బాయి?" అంటారు. చిన్న కొట్టయినా లెటర్‌హెడ్ మీదో, అది లేకపోతే స్టాంపు వేసిన తెల్లకాగితం మీదో పని, తేదీలతో నాలుగు లైన్లు రాయించుకోండి. అది చేతిలో ఉంటే "అనుభవం" అన్న శీర్షిక ధైర్యంగా పెట్టుకోవచ్చు.

ఒకే కాగితం అందరికీ పంపొద్దు. మూలం ఒకటి ఉంచుకుని, ప్రకటన చదివి, అందులో వాళ్లు వాడిన మాటలు మీ దగ్గర నిజంగా ఉంటే అవే మాటలతో పరిచయం మార్చండి. పని లైన్లలో ఆ ఉద్యోగానికి దగ్గరిదాన్ని పైకి తేండి. దీనికి పావుగంట చాలు. గుంటూరు కొత్తపేటలో ఆస్పత్రికి పంపేదానిలో బిల్లింగూ రాత్రి షిఫ్టూ పైనుండాలి, ఆటోనగర్ స్పేర్‌పార్ట్స్ షాపుకి పంపేదానిలో స్టాకు లెక్కా టూవీలరూ.

వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫైలు ఒక్కటే పడేయకుండా రెండు మూడు వాక్యాలు జత చేయండి: "నమస్తే అండి. మీ అకౌంట్స్ అసిస్టెంట్ ప్రకటన చూశాను. బీకాం పూర్తయింది, రెండు సీజన్లు కమీషన్ కొట్లో లెక్కలు రాశాను. రెజ్యూమె జత చేశాను, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను." షాపులకు నేరుగా వెళ్లేవాళ్లు గిరాకీ పెరగకముందే, పొద్దున తెరిచిన కాసేపటికి వెళ్లాలి. ప్రింట్లు ఐదు, ఫోల్డరులో మడత పడకుండా. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తీసుకోండి, ఎవరి దగ్గరా ఉంచొద్దు. రిజిస్ట్రేషన్ ఫీజు, యూనిఫాం డిపాజిట్ అని డబ్బడిగితే అక్కడి నుంచి వచ్చేయండి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ జాబ్ మేళాలు, కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉద్యోగం వెతికేవాళ్ల దగ్గర డబ్బు తీసుకోవు.

ఎవరికి, ఏ తేదీన, ఏ కాపీ పంపారో ఒక షీట్‌లో రాసుకోండి. వారం దాటినా కబురు రాకపోతే ఒక్కసారి అడగొచ్చు, రోజూ వద్దు. పిలిచి మాట్లాడాక బయటికి రాగానే వాళ్లు అడిగిన ప్రశ్నలు అదే షీట్‌లో వేసుకోండి. ఒకే ప్రశ్న రెండు చోట్ల ఎదురైతే దాని జవాబు మీ కాగితంలో లేదన్నమాట, మూడో చోటికి పంపేలోపు ఆ లైను చేర్చండి.